తొంభై అంటే కేసెట్ నిడివి

మా కొట్లో అరవై అన్నా తొంభై అన్నా
కేసెట్ నిడివే, దశాబ్దం కాదు.
గవర్నర్‌పేట సందులో ఆరడుగుల గది.
రెండు డెక్కులు, ఒక స్టూలు, నేను.
చీటీల మీద పాటలు రాసుకొచ్చేవాళ్లు.
పేరు, తారీఖు, అడ్వాన్సు ఐదు రూపాయలు
పద్దులో ఎక్కించి ఎల్లుండి రమ్మనేవాణ్ణి.

ఇప్పుడదే గదిలో ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నాను.
బుడగ రాకుండా అతికించడమూ పనితనమే,
అడిగేవాళ్లు లేరు గానీ.

మొన్న శోభనాచలం వచ్చాడు, పోస్టాఫీసులో రిటైరయ్యాడు.
బయట ఆటోలో ఏదో కొత్త పాట.
మొహం చిట్లించి,
"మా రోజుల్లో పాటంటే వీణా, వేణువూ!
ఈ డబ్బాల మోత మేమెరుగుదుమా, సైదులూ?" అన్నాడు.
నేను నవ్వి ఊరుకున్నాను.
పద్దు ఊరుకోదు.
ఎనభై ఏడు, ఆగస్టు పదకొండు. శోభనాచలం. తొంభై ఒకటి.
పద్నాలుగు పాటలు. పద్నాలుగూ డబ్బాల మోతే.
పక్కన నా చేతిరాత: బేసు పెంచమన్నాడు.

వీణ వాళ్ల నాన్నది.
అది మోగితే కొడుకు చెప్పులేసుకుని బయటికి పోతాడని
ఆ పెద్దాయన ఈ స్టూలు మీదే కూర్చుని మొత్తుకున్నాడు.
ఆయన్నడిగితే తనవి నాటకం పద్యాలన్నాడు,
రాగం ఎత్తితే కోడి కూసేదాకా దించనివి.
అవి ఎవరి నాన్నవో మరి.
నా పద్దుకి ముందు సంగతి, నేను సాక్షిని కాను.

ఝాన్సీ టీచరుకి ఒక పాట రెండో చరణంతో అయిపోతుంది.
పందెం కాస్తుంది కూడా.
మూడో చరణం ఉంది తల్లీ, టేపే అక్కడ అయిపోయింది.
నలభై ఏళ్లుగా ఆమె గొంతు అక్కడే ఆగుతుంది,
చివర్లో చిన్న టక్కుమనే చప్పుడుతో సహా.

నిన్నొక పిల్ల ఖాళీ కేసెట్లున్నాయా అని అడిగింది,
గోడకి వేలాడదీస్తుందట.
చొక్కా మీద రాసుంది, తొంభైల పిల్లనని.
పుట్టిందెప్పుడమ్మా?
తొంభై తొమ్మిది, డిసెంబరు తొమ్మిది.
ఆ మూడు వారాలూ బాగా గుర్తున్నాయా అందామనుకున్నాను.
ఈలోగా కేసెట్ అందుకుని
చిటికెన వేలు పళ్ల చక్రంలో దూర్చి
జారిన టేపుని గిర్రున చుట్టేసింది.
ఎవరు నేర్పారు?
"అమ్మ... కాదు, నాకే గుర్తు" అంది.
డబ్బులు తీసుకోలేదు నేను.

అందర్నీ పట్టుకున్నానని మురిసిపోతుంటే
పద్దు నా మీదికీ తిరిగింది.
జాన్‌బీ మొదటిసారి కొట్టుకొచ్చినప్పుడు
మురళితో మొదలయ్యే ఆ పాట మోగుతోందని
పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అల్లుడి ముందు
ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నాను.
జాన్‌బీ వచ్చింది ఎనభై తొమ్మిది ఫిబ్రవరి.
ఆ పాట మా కొట్లోకి వచ్చింది తొంభై ఒకటిలో.
మరి ఆ రోజు మోగిందేమిటి?
పొయ్యి దగ్గర్నుంచే చెప్పింది:
"ఏ పాటా లేదు. కరెంటు పోయింది.
చెమటలు కక్కుతూ అట్టముక్కతో విసురుకుంటున్నావు."

తర్వాత బుడమేరు మా సింగ్‌నగర్ ఇంట్లోకొచ్చింది.
మంచం మునిగింది, పద్దు పుస్తకాలూ మునిగాయి.
డాబా మీద ఎండబెడితే
కొన్ని కాగితాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఎండాయి.
ఎనభై తొమ్మిది మీద తొంభై ఒకటి సిరా దిగింది,
అక్షరాలు తిరగబడి, నీలంగా.
లాగితే చిరుగుతాయి. లాగలేదు.

అద్దంలో పెట్టి చదివాను.
ఆమె పేరు పక్కనే ఆ పాట.
పట్టుకెళ్లి చూపించాను, ఇదిగో రుజువు అని.

జాన్‌బీ తడి చేయి కొంగుకి తుడుచుకుని
కాసేపు చూసింది.
"కరెంటు బిల్లులు ఏ సంచిలో పెట్టావు?" అంది.